చెరుకు చాటున వెలుతురు ఇల్లు

పగటి వెలుతురు కోసమని పనిగట్టుకుని కట్టిన ఇంట్లో, పొద్దున పదకొండు గంటలకి, పాస్టరు గారి చేతిలో పుస్తకం మీదికి ఆరు సెల్‌ఫోన్ టార్చిలైట్లు పట్టించిన ఘనత ఈ కృష్ణా జిల్లాలో ఎవరికైనా ఉందంటే అది నాకే. ఆ ఇల్లు డిజైన్ చేసింది నేను. ఆ ఆరు టార్చిల్లో ఒకటి పట్టుకుని నిలబడింది కూడా నేనే. నవ్వకండి, టీ ఒలుకుతుంది. మొదటి నుంచీ చెబుతాను.

నా సంగతి మీకు తెలిసిందే. బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు. పదేళ్లుగా అపార్టుమెంట్లకి ఇంటీరియర్లు, బట్టల షోరూములకి ఫాల్స్ సీలింగులు. నాకు కాన్ఫిడెన్స్ తక్కువని ఇంతవరకూ ఎవరూ అన్లేదు. కాకపోతే నేల మీద పునాది తీసి, నాలుగు గోడలు లేపి, ఇదీ నేను కట్టిన ఇల్లు అని చూపించుకునే అవకాశం మాత్రం రాలేదు. అది ఎస్తేరు టీచర్ గారి వల్ల వచ్చింది.

ఎస్తేరు టీచర్ గారంటే ఏడో క్లాసులో నాకు లెక్కలు చెప్పినావిడ. రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు కృష్ణలంకలో ఒక సందులో, గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో ఉన్నారు. అటు పక్క గోడ, ఇటు పక్క గోడ. పొద్దున లేచింది మొదలు ట్యూబులైటు వెలగాల్సిందే. ఉయ్యూరు దాటాక పొలాల అంచున వాళ్ల నాన్నగారి తరఫున పది సెంట్ల జాగా వచ్చింది. ఒక రోజు ఆఫీసుకి వచ్చి, ఎదురుగా కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని చెప్పారు.

"చిన్న ఇల్లు చాలు తల్లీ. మేడలొద్దు. నాకున్నది ఒకటే కోరిక. పొద్దున్నే లైటు వెయ్యకుండా, కిటికీ పక్కన కూర్చుని బైబిల్ వాక్యం చదువుకోవాలి. కళ్లు ఇంకెన్నాళ్లు పనిచేస్తాయో తెలీదు గదా."

టీచర్ గారూ, ఆ ఇంట్లో పగలు స్విచ్చి మీద చెయ్యి పడితే నేను నా బోర్డు పీకేస్తాను అని మాటిచ్చేశాను. ఆవిడ నన్ను పూర్తిగా నమ్మారు. లెక్కల టీచర్లు ఎవర్నీ అంత తొందరగా నమ్మరు, కానీ నమ్మారు.

జనవరి ఆఖర్లో సైట్ చూడ్డానికి వెళ్లాం. పొద్దున ఏడింటికి. జాగాకి తూర్పున మూడెకరాల చేను, అంతా ఖాళీ. చెరుకు కొట్టేసి, చెత్త తగలబెట్టినట్టున్నారు, నేలంతా నల్లగా ఉంది. దాని చివర కాలవ గట్టు, గట్టు మీద తాడిచెట్లు, వాటి సందుల్లోంచి సూర్యుడు. చూస్తుంటే ఒళ్లు పులకరించింది. ఆ చేను ఆసామి శోభనాద్రి గారు గట్టు మీద పళ్లు తోముకుంటూ కనిపిస్తే, చెరుకు అయిపోయిందా అండీ అని అడిగాను. అయిపోయిందమ్మా, మొన్ననే ఆఖరి లోడు ఫ్యాక్టరీకి పోయింది అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. చెరుకు అయిపోయింది కాబట్టి ఇంక ఈ చేలో వేసేది వరే అని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. చుట్టుపక్కల ఎటు చూసినా వరే గదా మరి. చూశారా, ఎంత లాజిక్కో.

అక్కడే, టిఫిన్ హోటల్ బిల్లు వెనక, డిజైన్ గీసేశాను. ఒక హాలు, ఒక పడగ్గది, చిన్న వంటిల్లు, పడమర వైపు వరండా. పైన పెంకుల కప్పు, చూరు బాగా కిందికి. తూర్పు గోడకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే కిటికీ. అదీ మామూలు కిటికీ కాదు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో మొదలై ఐదడుగుల దగ్గర ఆగిపోతుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి చేను, గట్టు, తాడిచెట్లు, సూర్యుడు వరసగా కనపడాలని. మిగిలిన మూడు వైపులా కిటికీలు బాగా తగ్గించేశాను. వెలుతురు ఒకే దిక్కు నుంచి రావాలి, అప్పుడే దానికి ఒక మర్యాద ఉంటుంది అని టీచర్ గారికి పెద్ద లెక్చరిచ్చాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఏడో క్లాసులో ఆవిడ చెప్పింది నేను అంత శ్రద్ధగా విన్నట్టు గుర్తులేదు.

పని నాంచారయ్య మేస్త్రి గారికి అప్పజెప్పాను. ఉయ్యూరు మనిషే, అరవై దాటాయి, తక్కువ మాట్లాడతారు. ప్లాన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత చేను వైపు చూశారు. మళ్లీ ప్లాన్ చూశారు.

"మేడమ్, కిటికీ కాస్త పైకి లేపుదామండి. పైన వెంటిలేటర్లు కూడా రెండు పెడదామండి," అన్నారు.

ఆయనకి విజువల్ కనెక్షన్ అంటే ఏంటో వివరించాను. మనిషికీ నేలకీ మధ్య సంబంధం గురించి చెప్పాను. గోడ పైభాగం ప్లెయిన్‌గా ఉంటే కంటికి ఎంత హాయో చెప్పాను. పావుగంట పట్టింది. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని, అట్టాగేనండి అన్నారు. ఒప్పించానని తెగ సంబరపడ్డాను. మన వైపు మనుషుల మర్యాద మీకు తెలుసుగా. చదువుకున్నావిడ అంత ధాటిగా చెబుతుంటే, అది కాదమ్మా అని అడ్డం రావడానికి ఎవరికీ నోరు రాదు.

మార్చిలో గోడలు లేచే వేళకి చేలో సన్నగా పచ్చదనం కనిపించింది. వరసలు వరసలుగా, గడ్డిలాగా. నేను ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. టీచర్ గారితో, వరి ఎంత బాగా వచ్చిందో చూడండి అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి పకపకా నవ్వారు. నా భుజం మీద తట్టి, చిన్నప్పుడూ ఇంతే, భలే జోకులేసేదానివి అన్నారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు, పెద్దావిడ నవ్వుతుంటే బాగోదని నవ్వాను.

జూన్‌లో నాకు విజయవాడలో ఒక పెద్ద షోరూము పని తగిలింది. ఇంక ఉయ్యూరు వెళ్లడం కుదర్లేదు. అంతా ఫోన్‌లోనే. మేస్త్రి గారు ఫొటోలు పంపేవారు. ఫ్లోరింగ్, తలుపులు, పుట్టీ, రంగులు. కిటికీ ఫొటో ఎప్పుడడిగినా నీలం పట్టా కట్టి ఉండేది. వాన జల్లు కొడుతుందని ఒకసారి, రంగు పడుతుందని ఒకసారి. ఆగస్టులో అనుకుంటా, ఆయనే ఫోన్ చేసి, మేడమ్, పక్క చేను బాగా ఎదిగిందండి, ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుందండి అన్నారు. ఎదగనీయండి మేస్త్రి గారూ, మనకి కావాల్సిందే అది అని పెట్టేశాను. ఆ రోజు ఎలక్ట్రీషియన్ కూడా లైనులోకి వచ్చాడు, హాల్లో ఎన్ని లైట్లమ్మా అని. పగలు లైటే అక్కర్లేదు, రాత్రికి ఒకటి చాలు, మూలన, బాగా కిందికి వేలాడేలా పెట్టు, మూడ్ ఉంటుంది అన్నాను.

నవంబర్‌లో గృహ ప్రతిష్ఠ పెట్టుకున్నారు. నేను కొత్త పట్టుచీర కట్టుకుని, ట్రైపాడ్ వేసుకుని, తూర్పు వెలుతురులో ఇంటిని ఫొటోలు తీసి ప్రపంచానికి చూపిద్దామని బయల్దేరాను. రోడ్డు దిగి మట్టి బాటలోకి తిరగ్గానే, దారి తప్పానేమో అనిపించింది. చేను లేదు. గట్టు లేదు. తాడిచెట్లు లేవు. పది అడుగుల పచ్చటి గోడ, బాట పొడుగునా. దాని చివర, ఆకుల్లో సగం దాక్కుని, నా ఇల్లు.

లోపలికి అడుగు పెట్టాను. చీకటి. చీకటంటే కన్ను పొడుచుకున్నా కనపడనంత కాదు, సినిమా హాల్లో టైటిల్స్ పడేటప్పుడు ఉండేంత. గోడ పొడుగునా ఉన్న నా కిటికీ నిండా చెరుకు మొదళ్లు, ఎండుటాకులు. సూర్యుడు ఎక్కడో పైన, చెరుకుకి అవతల, తన మానాన తను ఉన్నాడు. విజువల్ కనెక్షన్ కోసమని అటు వైపు ప్రహరీ కూడా కట్టనివ్వలేదు నేను, దాంతో ఆకులు కొన్ని ఊచల్లోంచి హాల్లోకే వచ్చేశాయి. వచ్చిన చుట్టాలు చాపల మీద, కుర్చీల్లో సర్దుకుని కూర్చుని ఉన్నారు. ఎవరు ఎవరో గొంతుని బట్టి పోల్చుకుంటున్నారు.

పాస్టరు గారు లేచి ప్రార్థన చేశారు. అది కళ్లు మూసుకుని చేసేది కాబట్టి బాగానే జరిగింది. తర్వాత వాక్యం చదవడానికి పుస్తకం తెరిచారు. దగ్గరికి పెట్టుకున్నారు. దూరం పెట్టుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లారు, కిటికీ కిందికి ఉంది కాబట్టి పాపం గొంతుక్కూర్చున్నారు. అయినా లాభం లేకపోయింది. అమ్మా, ఆ లైటు వెయ్యండమ్మా అన్నారు. ఎవరో వేశారు. మూలన నా మూడ్ లైటు వెలిగి, దాని కింద ఉన్న పూలకుండీని మాత్రం చక్కగా చూపించింది. అప్పుడు మొదటి టార్చి వెలిగింది. తర్వాత రెండోది. ఆరోది నాది. ఆ రోజు ఆయన ఎంచుకున్న భాగం వెలుగుని గురించి. నా టార్చి వెలుతురు పేజీ మీద కదులుతుంటే, తల్లీ, కాస్త కుదురుగా పట్టుకో అని ఆయన మెల్లగా అన్నారు.

ఇంతవరకూ నవ్వొచ్చే సంగతే. తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ బాధే. భోజనాలకి అందరూ బయట టెంటు కిందికి వెళ్లాక, టీచర్ గారు ఒక్కరే హాల్లో ఉండిపోయారు. కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, పుస్తకం తెరిచారు. ఇటు వంచారు, అటు వంచారు. కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నారు. కాసేపటికి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. గుమ్మంలో నన్ను చూసి మొహం మార్చుకోబోయి, మార్చుకోలేకపోయారు.

"పర్లేదు తల్లీ. ముప్పై ఏళ్లు ట్యూబులైటు కిందే చదివాను. అలవాటేగా," అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ మాటతో నా పదేళ్ల కాన్ఫిడెన్స్ అంతా అక్కడే కూలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నేరుగా టెంటు కిందికి వెళ్లి బిర్యానీ తింటున్న శోభనాద్రి గారి పక్కన కూర్చున్నాను. చెరుకు అయిపోయిందన్నారు గదండీ అని నిలదీశాను. ఆయన ముక్క నమలడం ఆపి, అయిపోయింది, కొట్టిన మొదళ్లు మళ్లీ లేచాయి, దీన్ని కార్శి తోట అంటారమ్మా, విత్తనం పెట్టే పనే లేదు అని ఓపిగ్గా చెప్పారు. ఎప్పుడు కొడతారు? ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలి, జనవరి కావచ్చు. తర్వాత? తర్వాత ఏముంది, మళ్లీ లేస్తుంది. పోనీ కిటికీ ఎదురుగా ఒక పది వరసలు వదిలేస్తారా అని అడిగేశాను. ఇలాంటివి అడగడానికి కాన్ఫిడెన్స్ ఎక్కడి నుంచో ఊడిపడుతుంది నాకు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కిటికీ పెట్టేటప్పుడు నన్ను ఒక్క మాట అడగాల్సిందమ్మా అన్నారు.

అయినా ఊరుకున్నానా? మూడో రోజుకల్లా ఐడియా వచ్చింది. పడమర వైపు ఎండ బోలెడంత ఉంది. అక్కడ నిలువుటద్దం పెట్టి వెలుతురుని హాల్లోకి మళ్లిస్తే సరి! విజయవాడ నుంచి ఆరడుగుల అద్దం ఆటోలో పట్టుకుని వెళ్లి వరండా ముందు నిలబెట్టించాను. సాయంత్రం నాలుగింటికి వెలుతురు హాల్లోకి వచ్చిన మాట నిజం. అది తిన్నగా టీచర్ గారి కళ్లలోకి వచ్చింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. ఈలోగా పక్కింటి వాళ్ల కోడిపుంజు, డేగ రంగుది, పందేలకి బాదం పప్పు పెట్టి మేపుతున్నది, అటుగా వచ్చి అద్దంలో ఇంకో పుంజుని చూసింది. ఇంక చూస్కోండి. అది ఎగరడం, తన్నడం, అద్దంలోది కూడా ఏమాత్రం తగ్గకుండా ఎగరడం. అరగంట పోరాడి ముక్కు పగలగొట్టుకుంది. దాని యజమాని పరిగెత్తుకొచ్చి పుంజుని చంకనేసుకుని, మీకు మేమేం అపకారం చేశామండీ అని నన్ను అడిగాడు. అద్దం అదే ఆటోలో వెనక్కి వచ్చేసింది.

ఇదంతా నాంచారయ్య మేస్త్రి గారు వరండా మెట్టు మీద కూర్చుని చూస్తున్నారు. ఆటో వెళ్లాక లేచి, లుంగీ దులుపుకుని, మీరేమీ అనుకోకపోతే రేపు పొద్దున ఒక గంట పని ఉందండి అన్నారు. అనుకోవడానికి నా దగ్గర ఏం మిగిలిందని? కానివ్వండి అన్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి నిచ్చెన వేసి ఆయనే పైకెక్కారు. కప్పు తూర్పు వాలు మీద అక్కడో రెండు, ఇక్కడో రెండు, మొత్తం ఎనిమిది పెంకులు తీసేశారు. వాటి చోట గాజు పెంకులు తొడిగారు. అదే అచ్చు, అదే సైజు, గాజువి. పాత రైసుమిల్లు గోడౌన్ పడగొట్టినప్పుడు దాచి ఉంచారట. వాళ్ల అమ్మ వంటింట్లో ఇవే ఉండేవట. చెరుకు ఎంత పెరిగినా కప్పు దాకా పెరగదు గదండీ అన్నారు కిందికి దిగుతూ.

ఎనిమిదిన్నర అయి ఉంటుంది. హాల్లో నేల మీద ఎనిమిది పలకల ఎండ పరుచుకుంది. గోడలు తెల్లగా వెలిగాయి. ఆ గదికి అంత అందమైన గోడలున్నాయని అప్పుడే నాకూ తెలిసింది. మరి ఇది ముందే ఎందుకు చెప్పలేదు మేస్త్రి గారూ అని అడిగాను, కాస్త కోపంగానే.

"పైనుంచి పెడదామని మొదటి రోజే చెప్పానండి. మీరు విజువల్ అన్నారు," అన్నారాయన.

టీచర్ గారు కుర్చీ లాక్కొచ్చి ఒక ఎండ పలక పక్కన వేసుకున్నారు. పుస్తకం తెరిచారు. ఈసారి ఎటూ వంచలేదు. పెదాలు కదులుతున్నాయి, వేలు వరస వెంబడి పోతోంది. పేజీ తిప్పారు. మేస్త్రి గారూ నేనూ గుమ్మంలో చెప్పుల దగ్గరే నిలబడిపోయాం. ఇంకో పేజీ తిప్పాక తలెత్తి, ఏంటి ఇద్దరూ అట్టా నిలబడ్డారు, కూర్చోండి, కాఫీ పెడతాను అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. నిజం చెబుతున్నా, ఆ షోరూములూ ఫాల్స్ సీలింగులూ అన్నీ కలిపినా ఆ ఒక్క పేజీ తిప్పినంత సంతోషం నాకు ఇవ్వలేదు. ఆ ఎండ కదులుతూ పోతుంది కాబట్టి ఆవిడ కుర్చీ కూడా జరుపుకుంటూ చదువుతారట. వంటింటి గుమ్మం దగ్గరికి చేరేసరికి ఆ రోజుకి చదువు పూర్తి, కూర తరుక్కునే టైము.

ఇక్కడితో ఆపేస్తే నాకు పరువు మిగిలేది. కానీ పోయిన వారం మైలవరం నుంచి ఒకాయన వచ్చారు. మామిడి తోటలో చిన్న ఇల్లు కావాలట, వెలుతురు బాగా రావాలట. వెలుతురు అనగానే నాకు పూనకం వచ్చింది. నా కార్లోనే ఎక్కించుకుని ఉయ్యూరు తీసుకెళ్లాను. కిటికీ చూపించి, ఇది గ్రీన్ వాల్ కాన్సెప్ట్ అండీ, ప్రకృతే కర్టెన్ అన్నమాట అన్నాను. పైన గాజు పెంకులు చూపించి, ఇవి లోకల్ మెటీరియల్‌తో చేసిన ప్రయోగం అన్నాను. ఆయన చాలా ముచ్చటపడ్డారు. అడ్వాన్స్ ఖాయం అనుకున్నాను.

అప్పుడు టీచర్ గారు టీ పట్టుకొచ్చారు. ఆవిడ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. తప్పు ఆన్సరు కళ్లెదుట ఉంటే టిక్కు పెట్టలేరు. చాలా ప్రేమగా, నా చెయ్యి పట్టుకుని మరీ, ఆయనకి మొత్తం చెప్పేశారు. టార్చిలైట్లు, పుంజు, అద్దం, ఏదీ వదల్లేదు. చివర్లో, కిటికీ మా అమ్మాయిది, వెలుతురు నాంచారయ్య గారిది అని ముగించి, ఇంకో కప్పు తెమ్మంటారా అన్నారు.

ఆయన్ని తిరిగి బెంజ్ సర్కిల్‌కి తీసుకొచ్చాను. కారు దిగేటప్పుడు, ఏమీ అనుకోరు గదా అంటూ మేస్త్రి గారి ఫోన్ నంబరు అడిగారు. ఇచ్చాను.

నిన్న నాంచారయ్య గారు ఫోన్ చేశారు. "మేడమ్, మైలవరంలో ఒక ఇల్లు వచ్చిందండి. ప్లాన్ మాత్రం మీరే గీయాలి. గోడలు గీసేసి, కిటికీల చోటు ఖాళీ వదిలెయ్యండి. తోట చూసొచ్చి నేను చెబుతాను," అన్నారు.

ఇదిగో, బ్యాగులో ఉంది, చూడండి. నాలుగు గోడలు, పైన ఒక కప్పు, ఇంకేమీ లేదు. ఈ పదేళ్లలో నేను గీసిన వాటిల్లో ఒక్క తప్పు కూడా లేని ప్లాన్ ఇదే.